చొక్కా ఎక్కిన మాట

మాట ఎవరి నోట పుడుతుందో చెప్పలేను గానీ, అది జనానికి పట్టిందని అందరికంటే ముందు తెలిసేది నాకే. చొక్కాల మీదా కప్పుల మీదా అక్షరాలు అచ్చేసే దుకాణం నాది. ఫోనుల్లో నలిగిన మాటలన్నీ తిరిగి తిరిగి నా గుమ్మమే ఎక్కుతాయి. "ఆశపడ్డావా, అయిపోయావ్", "మంచిరోజులా? దారి తప్పాయి" లాంటివి. ఎంత చేదుగా ఉంటే అంత గిరాకీ. కొన్నాళ్ళు ఊరంతా వాటినే ఊదరగొడుతుంది. ఆ తర్వాత మిగిలిపోయిన చొక్కాలతో నేను మెషిన్లు తుడుచుకుంటాను. ఆ మాటల మీద నాకు గౌరవం ఎలా ఉంటుంది?

ఒకరోజు కాలేజీ అమ్మాయిలు కొందరు వచ్చి కొత్త మాటొకటి అచ్చేయమన్నారు. "వస్తుంది. రాకపోతే అలవాటవుతుంది." కంప్యూటర్లో అక్షరాలు కొడుతూ కొడుతూ ఆగిపోయాను. అది మా వదిన మాట.

వదిన ఫిజియోథెరపిస్టు. పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్ళ చేత కసరత్తు చేయిస్తుంది. ఎవరి పనికి సంబంధించిన వస్తువు వాళ్ళ ముందు పెట్టడం ఆవిడ పద్ధతి. వంటాయనకు గరిటె, టీచరమ్మకు సుద్దముక్క, దర్జీ పెద్దాయనకు గుండీల డబ్బా. కుడిచేతికి పని చెబుతూనే ఎడమచేతికీ నేర్పుతుంది. చెయ్యి మళ్ళీ వస్తుందా అని ఎవరడిగినా, "వస్తుంది. రాకపోతే అలవాటవుతుంది. ముందు ఆ గుండీ తీయండి" అంటుంది. గుండీ స్థానంలో గరిటె రావచ్చు, సుద్దముక్క రావచ్చు. మిగతాదంతా మామూలే.

దర్జీగారి కూతురు ఒకసారి నాన్న కసరత్తును వీడియో తీసి బంధువులకు పంపింది. వేళ్ళలోంచి గుండీ జారిపోతుంది, వెనకనుంచి వదిన గొంతు వినిపిస్తుంది. అంతే. అందులో ఎవరో చివరి వాక్యం కోసేశారు. ఇంకెవరో మనిషినే తీసేసి గొంతు మాత్రం ఉంచుకున్నారు. అక్కణ్ణించి ఆ గొంతు నీళ్ళు రాని కుళాయి కిందికి చేరింది, కదలని లిఫ్టు ముందు నిలబడింది, మూసిన ఫ్రిజ్ ముందు కూర్చున్న పిల్లికి కూడా జవాబు చెప్పింది. పని పక్కన పడేసి ఫోనులో దాని వెంట పడ్డాను. నాకు చదవడం రాని భాషల అక్షరాలు కింద కనిపిస్తున్నాయి, పైన మాత్రం మా వదినే మాట్లాడుతోంది. పంపమని ఎవరూ చెప్పలేదు, వద్దని ఎవరూ అడ్డుపడలేదు. మా వంటింట్లో పప్పులో ఉప్పు తక్కువైందని నన్ను దెప్పే గొంతు అన్ని దేశాలు తిరగడం చూసి నోరు తెరుచుకుని కూర్చున్నాను.

సాయంత్రం గొప్పగా వదినకు చెప్పాను. ఆవిడ నవ్వలేదు. దర్జీగారు రావడం మానేశారంది. కాఫీ కొట్టు దగ్గర ఎవరి ఫోనులోనో ఆ మాట మోగితే అందరూ పగలబడి నవ్వారట. అది తన చెయ్యి గురించిన మాటేనని ఆయన ఒక్కరికే తెలుసు. ఇప్పుడు వదిలేస్తే వేళ్ళు ముడుచుకుపోతాయని, ఆ తర్వాత ఎంత పాకులాడినా కష్టమని వదిన దిగులు పడింది.

మర్నాడు ఇద్దరం ఆయన కొట్టుకు వెళ్ళాం. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. ఆయన కుడిచెయ్యి కండువా కింద దాచుకుని కూర్చున్నారు. "నా చెయ్యి లోకానికి నవ్వులాటైందట కదమ్మా" అన్నారు. వదిన సర్దిచెప్పలేదు. ఆ మాట తిరుగుతున్న వీడియోల కింద జనం ఏం రాశారో చదవమని నాతో చెప్పింది. నేను వెనకాడాను, అక్కడ ఎలాంటి రాతలుంటాయో నాకు తెలియంది కాదు.

వెటకారాలు చాలానే ఉన్నాయి. వాటి మధ్యలో వేరేవి దొరికాయి. "నిద్ర వస్తుంది. రాకపోతే అలవాటవుతుంది." "అమ్మకు నా పేరు గుర్తొస్తుంది. రాకపోతే అలవాటవుతుంది." "ఆయన దగ్గర్నుంచి ఫోను వస్తుంది. రాకపోతే..." వెటకారాలు వదిలేసి ఇవే ఒక్కొక్కటీ పైకి చదివాను. ఇన్నేళ్ళుగా నేను చొక్కాలకెక్కించిన చేదంతా ఎదురుచూపులే కాబోలు. నవ్వుతూ తప్ప అడగలేనివాళ్ళు ఇంతమందా అనిపించింది.

దర్జీగారు నా ఫోను వైపు వంగి చూశారు.

"వీళ్ళెవరికీ ఆఖరి ముక్క చెప్పలేదా అమ్మా?"

"వాళ్ళదాకా చేరలేదు బాబాయ్ గారూ."

ఆయన కండువా తీసేశారు. గుండీల డబ్బా తనే దగ్గరికి లాక్కున్నారు. ఒక గుండీ జారింది, మళ్ళీ జారింది. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బల్ల మీంచి కాస్త లేచి, పడిపోయింది. పక్కనే ఉన్న కూతురు ఫోను పట్టుకుని, వీడియో తీయనా వద్దా అన్నట్టు చూసింది. ఆయన తలూపి, ఫోను వైపు తిరిగారు.

"ముందు ఆ గుండీ తీయండి," అన్నారు, ఎవరికో దగ్గరివాళ్ళకు చెప్పినట్టు.

ఆ వీడియో ఎక్కడా తిరగలేదు. బంధువులు చూశారు, అంతటితో సరి. ఆ ఆఖరి ముక్క అచ్చేయమని నా దుకాణానికీ ఎవరూ రాలేదు. నా కోసమని ఒకే ఒక చొక్కా మీద అచ్చేసుకుని, గుండీలు కుట్టమని దర్జీగారికిచ్చాను. చాలా రోజులు పట్టింది. గుండీలన్నీ తిన్నగా ఉన్నాయి, అవి ఎడమచేత్తో కుట్టారు. మెడ దగ్గరిదొక్కటే వంకరగా ఉంది. అది కుడిచేత్తో కుట్టారట.