గోడ అవతలి కూత

అన్న గొంతు మిల్లులో పెరిగింది. మగ్గాల మోతను దాటితేగానీ పనివాళ్ళకు మాట చేరదు కాబట్టి, సూపర్‌వైజరుగా చేసినన్నాళ్ళూ అరుస్తూనే బతికాడు. ఉద్యోగం అయిపోయినా ఆ గొంతు దిగలేదు. ఇంట్లో మంచినీళ్ళడిగితే వీధి చివర పడుకున్న కుక్క లేచి కూర్చునేది.

తమ్ముడికి అరకొర అని పేరు పెట్టింది ఆ గొంతే. చదువు సగంలో ఆపాడు. ఈత నేర్చుకుంటానని వెళ్ళి నడుం లోతు దాటకుండానే తిరిగొచ్చాడు. పెళ్ళిమాటలు రెండుసార్లు సగందాకా నడిచి చెడ్డాయి. "వీడు మా అరకొర" అని అన్న ఇంటికొచ్చిన ప్రతివాడికీ పరిచయం చేసేవాడు. అతను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణానికి కొత్తవాళ్ళెవరైనా వస్తే, అది ఇంటిపేరనుకుని "అరకొరగారున్నారా అండీ?" అని మర్యాదగా అడిగేవాళ్ళు. వెనకగదిలో అద్దాలు అరగదీస్తూ అతను "ఉన్నానండీ" అనేవాడు. యాభై దాటాక ఇంకేమంటాడు?

తండ్రి కట్టిన ఇంటికి మధ్యలో ఒంటి ఇటుక గోడ లేపి పంచుకున్నారు. అటు అన్నా వదినా, ఇటు తమ్ముడొక్కడూ. అవతల అన్న ఆవలిస్తే ఇవతల తమ్ముడికి నిద్రొచ్చేంత పల్చటి గోడ అది.

సాయంత్రం దుకాణం నుంచి రాగానే తమ్ముడు రేడియోలు కట్టుకునేవాడు. ఒక చెక్కపలక, అట్టగొట్టం మీద చుట్టిన రాగితీగ, పాత సామాన్ల కొట్టులో ఏరి తెచ్చిన, బల్బులాంటి ఒకే ఒక్క వాల్వు, బ్యాటరీలు, హెడ్‌ఫోన్లు, అంతే. ఆ ఒక్క వాల్వు చేత నాలుగైదు వాల్వుల చాకిరీ చేయించడంలో ఉంది కిటుకంతా. ఏరియల్ నుంచి దిగిన పీలగొంతును వాల్వు కాస్త పెద్దది చేస్తుంది. పెద్దదైనదాంట్లో కొంత ఇంకో తీగచుట్ట గుండా వెనక్కి తెచ్చి మళ్ళీ దానికే పెడితే ఇంకా పెద్దదవుతుంది. ఎంత వెనక్కి పెట్టాలన్నది ఒక నాబ్ చేతిలో ఉంటుంది. దాన్ని ఊపిరి బిగబట్టి కొద్దికొద్దిగా తిప్పుకుంటూ పోతే, ఒకచోట సముద్రాల అవతలి మనిషి చెవి పక్కన కూర్చుని మాట్లాడినట్టుంటుంది. అక్కణ్ణుంచి వెంట్రుకవాసి దాటితే చాలు, వాల్వు వినడం మానేసి తనే కూయడం మొదలుపెడుతుంది. ఆ కూత హెడ్‌ఫోన్లలోనే ఆగదు. ఏరియల్ ఎక్కి బయటపడి, చుట్టుపక్కల అదే స్టేషను పెట్టుకున్న రేడియోల్లో ఈల వేస్తుంది. ఇరుగుపొరుగుతో మంచిగా ఉండాలనుకునేవాడెవడూ ఆ గీత దాటడు. తమ్ముడూ దాటేవాడు కాదు.

ఒకరోజు అన్న పాత మిల్లు స్నేహితులను వెంటేసుకుని వచ్చాడు.

"చూడండి మావాడి కార్ఖానా! ఒక్క వాల్వుతో లోకమంతా వింటాడట. ఒంటి చేత్తో చప్పట్లు కొడతాడట!"

ఒకాయన మొహమాటానికి హెడ్‌ఫోన్లు అడిగితే, అన్న ముందు తను లాక్కుని, దొరికిన నాబల్లా తిప్పి, తీగచుట్టను పట్టుకుని గుంజాడు. అది పలక మీంచి ఊడి చేతికొచ్చింది. నెలంతా కూర్చుని, చుట్టు పక్కన చుట్టు అతికినట్టు చుట్టిన తీగ పేగుల్లా నేలమీద పడింది.

"అయ్యో, ఊడిందే! ఫర్వాలేదులేరా, ఎటూ సగమే కట్టి ఉంటావుగా."

అందరూ నవ్వారు. తమ్ముడూ నవ్వాడు.

ఏడాది తిరక్కుండానే అన్నకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. గొంతుకేమీ కాలేదు. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడ్డ తమ్ముడికి ఒంటి చేత్తో చప్పట్ల మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగాడు. మింగింది అరగలేదు.

ఇంటికొచ్చాక అన్నకు రేడియో ఒక్కటే లోకమైంది. పొద్దున వార్తలు, మధ్యాహ్నం పాటలు, సాయంత్రం ఆటల వ్యాఖ్యానం. మంచం పక్కన బల్లమీద పెద్ద రేడియో, దాని మీద కుడిచెయ్యి. వ్యాఖ్యాతతో కలిసి అరిచేవాడు, ఓడినవాళ్ళను తిట్టేవాడు, వాళ్ళు చేతికందరు కాబట్టి వదినను తిట్టేవాడు.

మొదటిసారి జరిగింది నిజంగా పొరపాటే. మళ్ళీ కట్టుకున్న రేడియోలో అదే స్టేషను వింటుంటే తమ్ముడి చెయ్యి జారి నాబ్ గీత దాటింది. గోడ అవతల వ్యాఖ్యానం మధ్యలో సూదిలాంటి కూత లేచింది.

"ఏమేవ్! రేడియో కూస్తోంది! ఏం చేసి చచ్చావు దీన్ని?"

"నేను ముట్టుకోలేదండీ."

తమ్ముడు గబుక్కున నాబ్ వెనక్కి తిప్పాడు. కూత ఆగింది. కాసేపు నాబ్ మీద వేళ్ళుంచుకుని అలాగే కూర్చున్నాడు. తర్వాత మళ్ళీ తిప్పాడు. ఈసారి చెయ్యి జారలేదు.

అద్దాలు అరగదీసే వేళ్ళవి. ఎంత తిప్పితే కూత సన్నగా మొదలవుతుందో, ఎంత తిప్పితే పళ్ళు జివ్వుమంటాయో వారంలో పట్టుబడింది. అన్న ఏ స్టేషను పెడితే తనూ అదే పట్టేవాడు. వార్తల్లో అసలు ముక్క దగ్గర, ఆటలో బంతి గోలు దాకా వచ్చిన క్షణాన తిప్పేవాడు. వదిన చెప్పుల చప్పుడు మంచం వైపు వస్తుంటే ఆపేసేవాడు.

"విను, విను! ఇప్పుడు విను!"

"ఏదండీ? బాగానే వస్తోందిగా."

"ఇందాకే కూసిందే! నేను అబద్ధమాడుతున్నానా?"

ఆమె వంటింట్లోకి వెళ్ళగానే మళ్ళీ కూసేది.

చివరికి వదినే వచ్చి పిలిచింది. "ఏమయ్యా, ఆ రేడియో సంగతేంటో ఒక్కసారి చూడు. నా ప్రాణం తోడేస్తున్నారు."

తమ్ముడు స్క్రూడ్రైవరు పట్టుకుని వెళ్ళాడు. వెనక అట్ట విప్పి, దుమ్ము ఊది, ఒక్కో వాల్వూ తీసి తుడిచి పెట్టాడు. చేసే పనిలో ఎక్కడా వంక లేదు. అన్న తలగడ మీంచి మెడ సాచి చూస్తూనే ఉన్నాడు.

"రేడియోలో లోపమేం లేదన్నయ్యా."

"మరి కూత ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"పక్షవాతం వచ్చినవాళ్ళకు ఒక్కోసారి చెవి నరం కూడా..." అని మాటను సగంలో వదిలేశాడు. సగంలో వదలడం అతనికి కొత్త కాదు. అన్న కుడిచెయ్యి మెల్లగా పైకి లేచి చెవిని తడుముకుంది.

ఆ మాట చేసిన పని కూత కూడా చేయలేదు. అన్న గొంతు దిగింది. డాక్టరు వచ్చి చెవిలో లైటు వేసి చూసి, ఏమీ కనబడక, కంగారు తగ్గడానికి మాత్రలు రాసిచ్చాడు. ఇప్పుడు ఏమేవ్ లేదు. "ఉన్నావా? కాస్త ఇటొస్తావా?" అని వినపడీ వినపడనట్టు పిలుపు.

అది విన్నాక తమ్ముడికి కడుపు నిండినట్టయింది. నిండినవాడు లేవాలి. లేద్దామనే అనుకున్నాడు. ఇంకొక్క వారం చూసి లేద్దామనుకున్నాడు.

ఆ వారంలోనే వదిన పట్టుకుంది. దుకాణం సెలవురోజు మధ్యాహ్నం, ఆరిన బట్టలు ఇవ్వడానికి చెప్పుల్లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడింది. మరిది వీపు కనిపించింది, నాబ్ మీద చెయ్యి కనిపించింది, గోడ అవతల కూత వినిపించింది. చెయ్యి వెనక్కి తిరిగింది, కూత ఆగింది. చెయ్యి ముందుకు తిరిగింది, కూత లేచింది. ఆమె బట్టలు మంచం మీద పెట్టింది. ఆ చప్పుడుకు అతను తిరిగి చూసి, చటుక్కున నాబ్ వెనక్కి తిప్పేశాడు.

"వదినా, ఇది... నేను ఆపేద్దామనే..."

"ఆపకు."

అర్థం కాక ఆమె మొహంలోకి చూశాడు.

"ఈ నెల్లో నా మీదికి ఒక్క గ్లాసు విసరలేదు. నిన్న 'అన్నం తిన్నావా' అని అడిగారు. పెళ్ళయ్యాక అదే మొదటిసారి." బట్టల్లో మడత చెడిన చొక్కా తీసి మళ్ళీ మడిచింది. "పొద్దున వార్తలప్పుడు కొంచెం, సాయంత్రం కొంచెం. ఎక్కువొద్దు. మనిషి ఉండాలిగా."

ఆ రోజు నుంచి ఇష్టంగా చేసిన పని ఉద్యోగమైంది. అతను మరిచిపోతే వదిన అటునుంచి గోడమీద గరిటెతో తట్టేది.

ఇంతలో అనుకోనిది జరిగింది. ఒక సాయంత్రం పడిపోయిన కాలు ఈడ్చుకుంటూ, చేతికర్ర టకటకలాడించుకుంటూ అన్నే తమ్ముడి గదిలోకి వచ్చాడు. పడకుండా గోడ పట్టుకుని, రొప్పుతూ స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇక్కడ కాసేపు కూర్చోనియ్యరా. అక్కడ ఆ డబ్బా పక్కన ఉండలేకపోతున్నా."

తమ్ముడు హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు. అన్న వాటినే చూశాడు. "ఏం వస్తోంది అందులో?"

"ఏదో దూరపు స్టేషను. భాష తెలీదు. పాటలు."

"పెట్టు."

వంకర్లు పోతున్న ఎడమచేతిని ఒళ్ళోకి లాక్కుని, అన్న చిన్నపిల్లాడిలా తల వంచాడు. తమ్ముడు హెడ్‌ఫోన్లు తగిలించి, నాబ్‌ను గీతదాకా తెచ్చి, గీత ఇవతల ఆపాడు. అన్న కళ్ళు పెద్దవయ్యాయి. పాటైపోయేదాకా కదల్లేదు.

"ఎంత తేటగా ఉందిరా! కూత లేదు, ఏమీ లేదు. ఒక్క వాల్వేనా? నిజంగా ఒక్కటేనా?"

"ఒక్కటే అన్నయ్యా."

"గట్టివాడివే."

యాభై ఏళ్ళలో ఆ నోటినుంచి అలాంటి మాట రాలేదు. తమ్ముడు టార్చిలైటు వెతికే నెపంతో లేచి అటు తిరిగాడు.

అన్న రోజూ రావడం మొదలుపెట్టాడు. గంట కూర్చునేవాడు. తీగ ఎలా చుట్టాలో అడిగేవాడు, కుడిచేత్తో అట్టగొట్టం పట్టుకుంటే తమ్ముడు చుట్టేవాడు. "గట్టిగా పట్టుకో అన్నయ్యా." "పట్టుకున్నాలేరా, నువ్వు సరిగా చుట్టు." వింటున్నవాళ్ళకు ఇద్దరు పిల్లలు ఆడుకుంటున్నారనిపించేది. గోడ అవతల గరిటె చప్పుళ్ళను తమ్ముడు విననట్టే ఊరుకున్నాడు.

దాంతో వదిన స్వయంగా వచ్చింది. అన్న నిద్రపోతున్న వేళ చూసి వచ్చింది. ఆమె కణత దగ్గర పచ్చిగా గీరుకుపోయి ఉంది.

"ఇక్కడికొచ్చి ధైర్యం నింపుకుని వెళ్తున్నారు. ఇదిగో, పొద్దున గ్లాసు. ఈ గదిలో కూడా ఆ కూత వినిపించు."

"నా వల్ల కాదు వదినా."

"నా వల్ల అవుతుంది. చెప్పనా ఆయనకి, ఇన్నాళ్ళూ కూసింది ఎవరో?"

మర్నాడు సాయంత్రం అన్న హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. వదిన ఏదో పనున్నట్టు గుమ్మంలో నిలబడింది. దూరాన ఒక ఆడగొంతు ఏదో పాడుతోంది. అన్న కళ్ళు మూసుకుని, కుడిచేత్తో తొడమీద తాళం వేస్తున్నాడు.

"ఒరేయ్, నా చెవులకేం కాలేదురా!" అన్నాడు ఉన్నట్టుండి, కళ్ళు తెరవకుండానే. "గుండ్రాళ్ళలా ఉన్నాయి. ఆ డాక్టరొట్టి గాడిద. రేపు ఆ రేడియో సంగతి చూద్దాం. నువ్వప్పుడు సరిగా చూసుండవు. సగం చూసి మూసేసుంటావు, అరకొర వెధవా." అని ప్రేమగానే నవ్వాడు.

తమ్ముడు వదినవైపు చూడలేదు. నాబ్ తిప్పాడు.

అన్న తాళం ఆగింది. మొహంలో నవ్వు ఇంకా పోకముందే కళ్ళలో భయం దిగింది. మెల్లగా హెడ్‌ఫోన్లు తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు.

"నువ్వు విను. కూతేనా?"

తమ్ముడు చెవికి పెట్టుకున్నాడు. కూత మెదడులోకి మేకు దిగినట్టుంది.

"పాటే అన్నయ్యా," అన్నాడు. "బాగా పాడుతోంది."

అన్న కర్ర వెతుక్కున్నాడు. అది కాళ్ళ దగ్గరే ఉన్నా కనబడలేదు. వదిన వచ్చి చేతికిచ్చి, రెక్క పట్టుకుని మెల్లగా నడిపించుకుపోయింది.

అన్న మళ్ళీ ఆ గదికి రాలేదు. రేడియో అక్కర్లేదంటే వదిన దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. తమ్ముడు ఆ సాయంత్రమే వాల్వు పీకి, తీగ విప్పి, పలకను అటకెక్కించాడు. అయినా నాలుగు రోజులకు వదిన తలుపు తోసుకుని వచ్చింది.

"ఇక చాలయ్యా. పడుకోనివ్వడం లేదు, చెవులు పట్టుకుని ఒకటే ఏడుపు. ఆపు."

"నేనేం చెయ్యడం లేదు వదినా. చూడండి, అసలు ఇక్కడేముంది?"

ఆమె ఖాళీ బల్ల చూసింది. బల్ల కింద చూసింది. ఇద్దరూ కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. గోడ అవతల అన్న "కూస్తోంది, కూస్తోంది" అంటూనే ఉన్నాడు.

తమ్ముడు వెళ్ళి మంచం అంచున కూర్చున్నాడు. ఈసారి సగంలో వదల్లేదు. మొదటిరోజు చెయ్యి జారడం దగ్గర్నుంచి చివరి పాట దాకా మొత్తం చెప్పాడు. వదిన మాట మాత్రం ఎత్తలేదు. అన్న చెవి మీంచి చెయ్యి తీసి శ్రద్ధగా విన్నాడు. విన్నాక చాలా రోజులకు మొదటిసారి నవ్వొచ్చింది అతనికి.

"ఆ చెక్కముక్కతోనా? గోడ అవతలున్న నా పెద్ద రేడియోని కూయించావా? నువ్వు?"

"నిజం అన్నయ్యా. ఒట్టు."

"ఊరుకోరా. నీకంత చేతనైతే ఇలా ఎందుకుంటావు? నన్ను ఓదార్చడానికి కథ చెప్పినా కాస్త నమ్మేట్టు చెప్పు."

"మీరంటే ప్రాణం కాబట్టి అలా అంటున్నాడండీ," అంది వదిన తలుపు దగ్గర్నుంచి.

"తెలుసులేవే." అన్న మొహం మళ్ళీ ముడుచుకుపోయింది. చెవి అప్పగించి పక్కకు తిరిగాడు. "ఇదిగో, మొదలైంది. దూది పెట్టరా. లోపలికంటా పెట్టు."

తమ్ముడు దూదిని వేళ్ళమధ్య సన్నగా నలిపి చెవిలో పెట్టడం మొదలుపెట్టాడు. "ఇంకా లోపలికి," అంటున్నాడు అన్న. "ఇంకా వినిపిస్తోంది."