మైలుతుత్తం నీళ్ళు

తల్లి పోయేనాటికి జనార్దనానికి నడక కూడా రాలేదు. అక్క అమ్మణి అతన్ని మేకపాలతో పెంచింది. చిన్నవయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి తిరిగొచ్చిన అమ్మణికి ఆ పసివాడూ, రెండు మేకలూ తప్ప వేరే లోకం లేదు. వ్యాసర్పాడిలో గూడ్సు యార్డు వెనక గుడిసెలో ఉంటూ, ఆ రెంటినీ మంద చేసి, తమ్ముణ్ణి చదివించి, పెరంబూరు రైలు వర్క్‌షాపులో ఫిట్టరు పనిలో చేరేదాకా చేయి వదల్లేదు. అతనికి పెళ్ళి చేసి క్వార్టర్సుకు సాగనంపిన రోజున మాత్రం తాను కదలనంది.

"మేకల్ని అమ్మేసి మా ఇంటికి వచ్చెయ్ అక్కా," అని జనార్దనం వచ్చినప్పుడల్లా అడిగేవాడు.

"ఒరే, ఈ చుక్కి వంశం పాలు తాగి పెరిగినోడివిరా నువ్వు. అమ్మేయమని నోరెట్లా వస్తాది నీకు?" అని అమ్మణి నవ్వేసేది. నుదుట తెల్లమచ్చ ఉన్న ఆ నల్లమేక ఆమె కొంగు నములుతూ పక్కనే ఉండేది.

యాభై నాలుగులో వానలు విడవకుండా కురిశాయి. యార్డు వెనక పల్లంలో నీళ్ళు నిలిచి, అవి తీసిన చోట పచ్చగడ్డి దట్టంగా లేచింది. అమ్మణి తెల్లవారగానే, గడ్డి మీద మంచు ఆరకముందే, మందను అందులోకి తోలేది. లేతగడ్డి పరపరా కొరికే చప్పుడు వింటుంటే ఆమెకే కడుపు నిండినట్టుండేది.

వానలు వెనకబట్టాక మేకలు చిక్కిపోవడం మొదలుపెట్టాయి. తింటూనే ఉన్నాయి, ఎండిపోతూనే ఉన్నాయి. నీళ్ళలా పారుకునేవి. సాయంత్రానికి దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడేది. ఒక పోతు నిలబడ్డ చోటే కూలిపోయింది. ఆ వెనకే ఒక పాలమేక.

ఆ పాలమేకను జనార్దనం గోనెలో చుట్టి, సైకిలు మీద పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరు పొట్ట కోసి చూపించాడు. లోపలి పొర మీద ఎర్రదారం ముక్కల్లాంటి పురుగులు, కుప్పలుగా, ఇంకా మెదులుతున్నాయి.

"రక్తమంతా ఇవే తాగేశాయి," అన్నాడు డాక్టరు. "పెంటికల్లో వీటి గుడ్లు పడతాయి. పిల్లపురుగులు కంటికి ఆనవు, తడిగడ్డి కొసలకు ఎక్కి కూర్చుంటాయి. ఎండ వచ్చాకే మేపండి. ఆ పల్లంలో అసలు వద్దు." నీలంగా మెరిసే మైలుతుత్తం నీళ్ళ సీసా ఇచ్చి, ఒక్కోదానికి ఎంత పట్టాలో చెప్పాడు. "తల పైకెత్తి పట్టకండి. దగ్గితే వెంటనే వదిలెయ్యండి. ఊపిరితిత్తుల్లోకి పోతే మేక దక్కదు."

తమ్ముడు చెప్పిందంతా అమ్మణి గడప మీద కూర్చుని విన్నది. వింటూండగానే ఆమె ముఖం మాడిపోయింది.

"అంటే, నా చేత్తో నేనే మేపి చంపుకున్నానంటాడా మీ డాక్టరు?"

"నీకెట్లా తెలుస్తుంది అక్కా? ఎవరికి మాత్రం తెలుసు?"

"మంచి గడ్డి తిని చస్తాయా యాడైనా? ఇది అమ్మోరి కోపంరా. పోయినేడు మొక్కు ఎగ్గొట్టినాను. పెరియపాళెం పొయ్యి, వేపాకులే చీరగా కట్టుకుని గుడి చుట్టొస్తా. అందాకా వీటికి మందు తాకకూడదు. తాకితే నమ్మకం లేనట్టే గదా." అతని చెయ్యి లాక్కుని తన తలమీద పెట్టుకుంది. "ఒట్టెయ్."

జనార్దనం ఒట్టు వేశాడు.

మేకల్ని పక్కగుడిసె పొన్నుతాయికి అప్పజెప్పి అమ్మణి పెరియపాళెం వెళ్ళింది. మర్నాడు జనార్దనం చూడ్డానికి వచ్చేసరికి చుక్కి పడుకుని ఉంది. అతన్ని చూసి లేవబోయి, కాళ్ళు నిలవక మళ్ళీ కూలబడింది. కంటిరెప్ప తిప్పి చూస్తే లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. మిగతావీ చాలామటుకు అట్లాగే ఉన్నాయి. అతను క్వార్టర్సుకు పోయి సీసా తెచ్చాడు.

"వేణాం తంబీ," అంది పొన్నుతాయి భయపడి. "అక్క తలమీద ఒట్టేసినావే. వద్దు."

"ఆమె వచ్చేదాకా ఇవి ఉండవు," అన్నాడు.

ఒక్కొక్కదాన్నే పట్టుకుని, నోటి పక్కనుంచి మెల్లగా పోశాడు. అన్నీ మింగాయి. చివరికి చుక్కి దగ్గర కూర్చున్నాడు. దానికి మెడ నిలవడం లేదు. జాలేసి, పసిబిడ్డకు పాలు పట్టినట్టు, తల పైకెత్తి ఒళ్ళో ఆనించుకున్నాడు. పోస్తుండగానే అది దగ్గింది. అతను సీసా పారేశాడు. వీపు నిమిరాడు, తల కిందికి వంచాడు, పేరుపెట్టి పిలిచాడు. ముక్కులోంచి నీలపు నురగ వచ్చింది. కాసేపు తన్నుకుని, అతని ఒళ్ళోనే ఆగిపోయింది.

అతను అట్లా కూర్చుని ఉండగానే అమ్మణి నుదుట విబూదితో, కొంగులో వేపాకుతో వచ్చింది. తమ్ముడి పంచె మీది నీలపు మరకలు చూసింది. ఒళ్ళో చుక్కిని చూసింది.

"మందు పట్టినానక్కా. బతికిద్దామని..."

ఆమె అరవలేదు. "నేనాడ పొర్లుదండాలు పెడతా ఉంటే, నువ్వీడ ఇది చేసినావా? అమ్మేయమని అడిగి అడిగి, కడాకు ఇట్లా చేసినావా?"

"నీమీద ఒట్టు, అట్లా కాదక్కా!"

"నామీద ఒట్టా," అంది అమ్మణి. వంగి చుక్కిని అతని ఒళ్ళోంచి తీసుకుంది. మళ్ళీ అతని వైపు చూడలేదు.

తక్కినవి కోలుకున్నాయి. దవడల కింద వాపులు తీశాయి, పెంటికలు గట్టిపడ్డాయి, పిల్లలు గెంతులేశాయి. అమ్మోరు కరుణించిందని అమ్మణి పొంగలి పెట్టింది. జనార్దనం వచ్చి గుమ్మం బయట నిలబడేవాడు. ఆమె పని చేసుకుంటూ ఉండిపోయేది.

పొన్నుతాయి ఒకసారి అతన్ని దారిలో ఆపింది. "నీ మందే కాపాడిందని నేను చెప్తా తంబీ. కంటితో చూసినాను గదా."

"వద్దు," అన్నాడు జనార్దనం. "అమ్మోరు బతికించిందనుకుంటా ఉంది. అట్లాగే ఉండనీ. నేను లేకుండా పోయినాను. అమ్మోరు కూడా లేదంటే ఆమెకింక ఎవరుంటారు?" సైకిలు ఎక్కబోతూ, "పొద్దున్నే ఆ పల్లంలోకి తోలకుండా నువ్వే ఎట్లాగో చూడు," అని బతిమాలుకున్నాడు.

పొన్నుతాయి తన పుట్టింటివాళ్ళుండే ఎన్నూరులో, నీళ్ళు నిలవని ఇసక నేలల సంగతి చెప్పి ఒప్పించింది. ఎండలు ముదరకముందే అమ్మణి గుడిసె విప్పి, మందను తోలుకుని వెళ్ళిపోయింది. తమ్ముడికి కబురైనా పెట్టలేదు.

మరుసటి ఏడు జనార్దనానికి కూతురు పుట్టింది. అయిదో నెల రాగానే బిడ్డను ఎత్తుకుని ఎన్నూరు వెళ్ళాడు. అమ్మణి తాటాకు పందిరి కింద మేకపిల్లకు ఆకు తినిపిస్తోంది. జుట్టు బాగా నెరిసింది. బిడ్డను చూడగానే లేచి వచ్చి రెండు చేతులూ చాచింది.

"నా తల్లే, ఎంత ముద్దుగా ఉండావే! మా అమ్మ ముక్కు వచ్చిండాది నీకు," అంటూ గుండెలకు హత్తుకుంది. పాలు కాచి, చల్లార్చి, ఉగ్గుగిన్నెతో తానే పట్టింది. బిడ్డ తాగినంతసేపూ ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది. జనార్దనం ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు. ఇప్పుడో ఇంకాసేపటికో తనను "ఒరే" అంటుందని అతనికి ఆశ పుట్టింది.

బిడ్డ నిద్రపోయింది. అమ్మణి దాని నుదురు ముద్దుపెట్టుకుని, అతని చేతుల్లో పెట్టింది. లోపలికి పోయి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి, దూరపు చుట్టానికి ఇచ్చినట్టు మర్యాదగా అందించింది.

"తాగండి," అంది. "దూరం పోవాల గదా. ఎండెక్కకముందే మీరు బయల్దేరండి."