పదో మనిషి రాని గురువారం

నేను ఒక నీలం ప్లాస్టిక్ డబ్బాను, టీకా మందు మోసే డబ్బాను. నా కథకన్నా ముందు నా కక్ష చెప్పాలి. అది చేబ్రోలు వీరాంజనేయులు మీద. చినరాయిపాలెంలో ఎరువుల కొట్టు ఆసామి. నన్ను ఒక్కసారైనా చేత్తో ముట్టుకున్నవాడు కాదు. అయినా నాకు అంత నష్టం చేసినవాడు ఇంకొకడు లేడు.

నన్ను పోతపోసిన ఊరి పేరు నాకు తెలీదు. అచ్చులోంచి తీసి, రెండు గోడల మధ్య నురగ నింపి, తెల్ల మూత బిగించి, నాలాంటి రెండు వందల డబ్బాల మధ్య పేర్చారు. నాకు తోడంటూ ఉన్నది ఆ ఒక్క వారమే. తర్వాత లారీ ఎక్కించి తలా ఒక ఆసుపత్రికి పంచేశారు. నా ఒంటిమీద ఏవో అక్షరాలున్నాయి. చదువు లేదు కాబట్టి అవి నన్ను పొగిడాయో తిట్టాయో ఇప్పటికీ తెలీదు. ఎండల్లో ఊరంతా నీడ వెతుక్కుంటుంటే నేను కడుపులో నాలుగు ఐసు ప్యాకులు పెట్టుకుని తిరిగేవాణ్ని. నన్ను తెరిచినవాళ్లందరూ లోపలున్న దానికోసమే తెరిచారు.

పన్నెండేళ్లు పిల్లల టీకాలు మోశాను. మొదటి నర్సమ్మ నన్ను ముక్కాలిపీటగా వాడుకుంది. రెండో ఆవిడ రత్నకుమారి. నా పట్టీ తెగితే తన పాత చీర అంచుతో కుట్టింది. ఆమె భుజం మీదే కరోనా చూశాను.

రెండో ఏడు వేసవి. చినరాయిపాలెంలో సోమవారం మూడు కేసులు, బుధవారానికి పదకొండు. గురువారం పొద్దున రత్నకుమారి నాలో ఒకే ఒక సీసా పెట్టుకుని వచ్చింది. ఒక సీసా పదిమందికి. సీసా తెరిస్తే నాలుగు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యాలి. పారబోస్తే సంజాయిషీ రాయాలి. అందుకని పదిమంది పోగైతేగానీ తెరవొద్దని పైవాళ్ల మాట. కిందటి నెల రెండు డోసులు వృథా అయ్యాయని మీటింగులో ఆమెను అందరి ముందూ నిలబెట్టి అడిగారు.

బడి వరండాలోకి తొమ్మిదిమంది వచ్చారు. అందరికన్నా ముందు వచ్చింది కాశమ్మ. మేకలు కాసుకునే ఒంటరి మనిషి, అరవై దాటింది. పక్కింట్లో ఆ వారమే ఇద్దరు పోయారు. మేకల్ని గుంజకు కట్టేసి, ఉతికిన చీర కట్టుకుని ఎనిమిదింటికే వచ్చి కూర్చుంది.

పదో మనిషి లేడు. ఆ మధ్యాహ్నం వీరాంజనేయులు ఇంట్లో మనవరాలి ఓణీల భోజనాలు. సూది వేయించుకుంటే నలభై రోజులు మాంసం, మందు ముట్టకూడదని ఊళ్లో ఒక పుకారు. రత్నకుమారి గడప గడపకూ తిరిగింది. అందరూ వచ్చేవారం వస్తామన్నారు. వండింది మిగిలిపోతుందేమోనని ఆసామికి దిగులు. బడి గేటు దాకా వచ్చాడు.

“ఏం కాశమ్మా, పొడిపించుకుని నా ఇంట్లో పప్పన్నం తింటావా?”

“నువ్వు కోసిన పోతు నా దొడ్లో పెరిగిందేగా అయ్యా. దాన్ని నేనేం తింటాలే.”

“మాంసం తినొచ్చు సార్, ఎవరు చెప్పారు మీకు?” అంది రత్నకుమారి. “మీరొక్కరు కూర్చోండి, పది అవుతుంది.”

“భోజనాలు కానీమ్మా. నాలుగింటికి నేనే వస్తా. మాటంటే మాటే.”

రెండింటికి మసాలా వాసన వరండా దాకా వచ్చింది. తొమ్మిదిమందీ ఆకలితో కూర్చున్నారు.

“నాకు రెండు చేతులున్నాయిగదమ్మా,” అంది కాశమ్మ. “రెండిట్లోనూ పొడిచి పది చేసెయ్యి.”

అందరూ నవ్వారు. రత్నకుమారీ నవ్వింది. తర్వాత నా మూత మీద చెయ్యి వేసింది. రెండుసార్లు ఎత్తింది, రెండుసార్లు మూసింది. డబ్బాకు తనంతట తాను తెరుచుకునే వీలుంటే ఆ రోజు తెరుచుకునేవాణ్ని.

నాలుగైంది. షామియానా కింద పాటలు మోగుతూనే ఉన్నాయి. అయిదింటికి ఆసుపత్రి ఆటో వచ్చింది. అందరికన్నా చివర లేచింది కాశమ్మే.

“వచ్చే గురువారం ముందు నాకే. మర్చిపోబాక.”

వచ్చే గురువారం మందు రాలేదు. అయిదు వారాలు జిల్లాలోనే లేదన్నారు. బీరువా మీద ఖాళీగా పడున్నాను. ఆరో వారం మళ్లీ వెళ్లేసరికి వరుస వరండా దాటి రోడ్డెక్కింది. ముందు నిలబడ్డది వీరాంజనేయులు, మాస్కు మీద మాస్కుతో. రత్నకుమారి అతన్ని దాటి చూస్తూ కాశమ్మను పిలిచింది.

“ఆమె పోయి ఎనిమిది రోజులైంది నర్సమ్మా,” అన్నారెవరో వెనకనుంచి. “జొరమొచ్చి తలుపేసుకుంది. మేకలు రెండు రోజులు అరిస్తేగానీ మాకు తెలీలా.”

ఆసామి చొక్కా చెయ్యి పైకి మడిచి చాపాడు. రత్నకుమారి సూది వేసింది. ఆ తర్వాత ఆమె ఒక్క మనిషి వచ్చినా సీసా తెరిచేది. నాలుగు సంజాయిషీలు రాసింది. అయిదోది రాయకముందే బదిలీ చేశారు.

నా మూత పగిలింది. ఇప్పుడు విరిగిన మంచాల గదిలో ఉన్నాను. వాచ్‌మన్ నాలో పెరుగు ప్యాకెట్లు పెట్టుకుంటాడు. అవి చల్లగా ఉండవు, అతనికీ ఆ పట్టింపు లేదు. రత్నకుమారి కుట్టిన చీర అంచు మాత్రం ఇంకా ఊడలేదు.

ఆ సూది పడితే కాశమ్మ బతికేదా అంటే డాక్టర్లే చెప్పలేరు, నేనెంత. కానీ రిజిస్టరులో ఆ గురువారానికి ఎదురుగా వృథా సున్నా అని రాసుంది. అది నేను ఒప్పుకోను. ఆ రోజు నేను పోగొట్టుకున్నది అర మిల్లీలీటరు. కాశమ్మ ఎడమ చేతికి పడాల్సింది.