బదులు మనిషి

మంచం జరపనని బుచ్చవ్వ అప్పటికి మూడోసారి అన్నది. రెండు చేతులు చాపి తిరిగితే ఏదీ తగలకూడదని ఫిజియోథెరపీ మేడం చెప్పిందనీ, మంచంకోడు తగిలి నిన్న మోకాలు చెక్కుకుపోయిందనీ యమున కూడా మూడోసారే చెప్పింది. అది మామ భిక్షం పడుకునే మంచం. ఆయన లేచి బయటికి పోయినా దాన్ని కదిలిస్తే అత్తకు నచ్చదు. ఎండ ముదరక ముందే ఆ వ్యాయామపు ఆట ముగించాలి. వేడెక్కితే యమున కాళ్ళు మాట వినవు, చూపు మసకబారుతుంది.

"మూలకు నిలబడి ఆడరాదే. బుడగలు మూలకు రావా?" అన్నది బుచ్చవ్వ.

"నేను యాడ నిలబడితే ఆడికే వస్తయి అత్తమ్మా. మంచమే జరుగుతలేదు."

చివరికి ఇంటర్ చదివే కూతురు సహస్ర వచ్చి, అవ్వతో మాట్లాడకుండానే మంచం ఎత్తి గోడకు నిలబెట్టింది.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే పేరు ఆ ఇంట్లో సహస్రకు తప్ప ఎవరికీ నోరు తిరగదు. నరాల జబ్బు అంటారు. ఏడాదిన్నర కిందట పెద్దాసుపత్రిలో తలకు స్కానింగ్ తీసి పేరు రాసిచ్చేదాకా అది జబ్బు కూడా కాదు, బద్ధకం. చేతిలోంచి గిన్నె జారితే బద్ధకం. కొత్తిమీర కట్టలు కట్టలేక వేళ్ళు బిగుసుకుపోతే బద్ధకం. వాటన్నింటికీ మొగుడు యాదగిరి ఆమెను కొట్టేవాడు. మెంతికూర మూట ట్రాలీ ఆటోలోకి ఎత్తబోయి కింద పడేసిన రోజు బెల్టు తీశాడు. తర్వాత పరీక్షలయ్యాయి. ఈమె నటించడం లేదు, నరాల మీది పొర పాడవుతోంది అని డాక్టరు అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాడు. ఆనాటి నుంచి అతని చెయ్యి లేవలేదు. జబ్బు వచ్చినందుకు యమున ఏడ్చింది, నిజమే. కానీ ఆ రాత్రి చాలా ఏళ్ళ తర్వాత ఆమెకు భయం లేకుండా నిద్రపట్టింది.

మేడ్చల్‌లో ఒక పునరావాస కేంద్రం వాళ్ళు రెండు నెలల కిందట ఆమెకు వీఆర్ సెట్ ఇచ్చారు. ఇంట్లో అందరికీ అది డబ్బా. కళ్ళకు కట్టుకుంటే ముందర గాలిలో రంగుల బుడగలు తేలుతాయి. చేతులు చాపి, పక్కకు అడుగులు వేసి వాటిని పగలగొట్టాలి. రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు, పన్నెండు వారాలు. ఎవరూ చూడకపోయినా చేసిందీ మానిందీ సెట్టే రాసుకుంటుంది. ఫిజియోథెరపీ చేయించే శ్రీదివ్య మేడం ఆ లెక్కను కేంద్రంలో కూర్చుని చూస్తుంది. వరసగా రెండు వారాలు తప్పితే సెట్ వాపస్ తీసుకుని మరొకరికి ఇస్తారు.

మొదటి నెల యమున ఒక్క రోజూ మానలేదు. గోడ పట్టుకోకుండా వాకిలి దాటగలిగింది. ఆ తర్వాత ఎండలు ముదిరాయి. తెల్లవారకముందే పాలకూర కోసి, కట్టలు కట్టి బండికి అందించేసరికే ఒంట్లో ఉన్నదంతా అయిపోయేది. అయిదో వారంలో మూడు రోజులు మానింది. నాలుగో రోజు బుచ్చవ్వ డబ్బా తన తలకు తగిలించుకుంది.

ఆమె దృష్టిలో అది తప్పు కాదు. వాళ్ళ ఊరు అత్వెల్లిలో నాట్లకైనా కలుపుకైనా ఇంటికొక మనిషి అని లెక్క. కోడలికి ఒంట్లో బాగాలేకపోతే అత్త పోతుంది. పని ఆ ఇంటి పేరు మీదనే పడుతుంది. "నీ బదులు నేను పోయిన అనుకో," అన్నది. యమున వద్దనలేదు. సెట్ పోతుందన్న భయం ఒకటి, ఆ అరగంట కూలర్ ముందు పడుకోవచ్చన్న ఆశ ఒకటి. అలా మూడు వారాలు, వారానికి మూడు నాలుగు రోజులు అత్తే ఆడింది. బుచ్చవ్వవి నలభై ఏళ్ళు కొడవలి పట్టిన చేతులు. ఒక్క బుడగా తప్పించుకునేది కాదు.

మంచం జరిపిన ఆ పొద్దున్నే శ్రీదివ్య ఫోన్ చేసింది. కేంద్రంలో రాయించింది యాదగిరి నంబరు. అతను వాకిట్లో టమాటా ట్రేలు బండికి ఎక్కిస్తున్నాడు. చేతులు ఖాళీ లేక స్పీకరు పెట్టాడు.

"యమున గారు చాలా బాగా చేస్తున్నారండీ. ఈ మూడు వారాల్లో కుడి చెయ్యి వేగం మామూలు మనిషిలాగే వచ్చింది. అడుగు కూడా తడబడట్లేదు. పన్నెండో వారంలో ఇక్కడ నడిపించి చూస్తాం గానీ, నాకైతే చాలా సంతోషంగా ఉందండీ."

గుమ్మంలో ఉన్న యమునకు ప్రతి మాటా వినిపించింది. యాదగిరి మంచిది మేడం అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. ట్రే ఒకటి కాలితో ఆమె వైపు నెట్టాడు.

"ఎత్తు."

ఒక్క మాట చెబితే ఆగుతాడు. ఆ మాట చెబితే సెట్ పోతుంది. యమున వంగి ట్రే పట్టుకుంది. మోకాలి దాకా లేపింది. ఎడమ కాలు అసలు లేనట్టే అయింది. ట్రే తిరగబడి టమాటాలు వాకిలంతా దొర్లాయి.

మొదటి దెబ్బ చెవి మీద పడింది. రెండోదానికి ఆమె బండి అంచుకు తగిలి కిందపడింది. పెదవి చిట్లింది. జుట్టు పట్టి లేపి, మళ్ళీ కొట్టాడు. ఏడాదిన్నర సంది నాటకమాడినవ్, మార్కెట్ల మంది నన్ను చూసి పాపమంటుండ్రు అంటూ నడుము మీద తన్నాడు. అడ్డం పడ్డ సహస్రను తోస్తే మోచేయి బండికి కొట్టుకుని ఆ పిల్ల అక్కడే కూలబడింది. అరుగు మీది భిక్షం, చాలు, ఇజ్జత్ పోతది, లోపల కొట్టుకోండి అన్నాడు.

బుచ్చవ్వ పరిగెత్తుకొచ్చి కోడలి మీద పడింది. కొడుకు తన్ను ఆమె పక్కటెముకలకు తగిలింది. ఊపిరి అందాక చెప్పింది.

"ఆ బుడగలు కొట్టింది నేనురా. అది కాదు."

యాదగిరి నమ్మలేదు. తల్లిని రెక్క పట్టి ముందు గదిలోకి లాక్కుపోయాడు. డబ్బా ఆమె తలకు తొడిగి పట్టీ బిగించాడు. వెంట్రుకలు చిక్కుకున్నా ఆగలేదు.

"ఆడు మరి."

ముసలామె ఒక చెయ్యి పక్కటెముకల మీద పెట్టుకుని, రెండో చేత్తో గాలిని కొట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి రెండు చేతులూ లేచాయి. బుడగ పగిలినప్పుడల్లా సెట్టులోంచి ఒక ఆడగొంతు శభాష్ అంటున్నది. యమున పెదవికి కొంగు అదుముకుని గుమ్మంలో కూర్చుని చూసింది. శభాష్, శభాష్. డబ్బా కింది నుంచి బుచ్చవ్వ చెంపల మీదికి నీళ్ళు కారుతున్నాయి. ఆపమని యాదగిరి చెప్పేదాకా ఆమె ఆపలేదు.

మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నారు. యాదగిరి బండి తీయలేదు. తల దించుకునే మాట్లాడాడు. ఈ సంగతి గడప దాటొద్దన్నాడు. మిగిలిన నాలుగు వారాలు అమ్మనే ఆడుతుందన్నాడు, నడిపించి చూసే రోజుకు ఏదో ఒక సాకు చెబుదామన్నాడు.

"నీకు రోగమేనని తెల్సింది గద. ఇగ కొట్టను," అన్నాడు యమునతో.

"మీ నాయిన నన్ను కొట్టిననాడు నాకే రోగం లేకుండె," అన్నది బుచ్చవ్వ, చారు వడ్డిస్తూ. భిక్షం కలుపుతున్న అన్నం కలుపుతూనే ఉన్నాడు.

నోరు తెరిస్తే పెదవి పగులుతున్నది. యమున అందుకే మెల్లగా, గొంతు పెంచకుండా చెప్పింది.

"రేపు పొద్దుగాల మేడ్చల్ పోత. మూడు వారాల లెక్క నాది కాదని మేడంకు చెప్త. డబ్బా తీసుకుంటే తీసుకోని, మళ్ళ వరసల నిలబడ్త. దెబ్బలేందని అడిగితే అది గూడ చెప్త. ఆడ్నుంచి కుత్బుల్లాపూర్ మా శోభారాణక్క ఇంటికి పోయి ఆడనే ఉంట. సహస్ర వస్తనంటే వస్తది."

"కొట్టనంటి గద," అన్నాడు యాదగిరి.

"రోగమున్నదని కొట్టనంటివి." ఆమె అతని వంక కాకుండా అందరి వంకా చూసింది. "నాకు మంచిగ కావాలని ఉన్నది. ఈడ ఉంటే మంచిగయ్యేటందుకు భయమైతాంది."