వెల్లకిలా పడుకున్న సాలీడు

"దీని పేరొక్కటి తెల్వనియ్ సపనా, ఇగ నేనే చూస్కుంట," అన్నాడు మా ఆయన అతుల్, ఆ డబ్బా ఇంటికి తెచ్చిన రోజున. పుణెకు మారిపోతూ స్నేహితుడు అంటగట్టిన టారంటులా అది, అరచేయంత సాలీడు. ఏ జాతిదో ఇచ్చినవాడికీ తెలియదు. జాతి తెలియకపోతే మట్టి తడిగా ఉంచాలో పొడిగా ఉంచాలో తెలియదు, తప్పు చేస్తే చచ్చిపోతుంది. అతుల్ రోజూ ఫొటోలు తీసి, పేరు చెప్పమని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు. తాగడానికి పెట్టిన సీసా మూతలో నీళ్లు మార్చింది, తిండికి కీచురాళ్లు వేసింది, చెత్త తీసింది నేను. కామాఠిపురాలో మా ఒక్క గదిలో నాకంటూ గోడలో ఓ గూడు ఉండేది, అద్దమూ దువ్వెనా పెట్టుకోవడానికి. దాన్నీ ఆ డబ్బాకే ఇచ్చేశారు. నన్ను అడిగారా అంటే, గూడే కదా, ఏం అడుగుతారు?

ఫాక్‌లాండ్ రోడ్డులో చీరల దుకాణంలో పని నాది. గిరాకీ లేకపోయినా కూర్చోకూడదు. ఆ సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ మేముండే చాల్ భవనం మెట్లెక్కి వచ్చేసరికి మా అత్త మల్లవ్వ గుమ్మంలోనే ఎదురైంది.

"నీ పురుగు సచ్చింది పో. ఎల్లెల్కల వడ్డది. ఇల్లంత కడిగి, తానం జేసి, గప్పుడు పొయ్యి ముట్టు."

తెచ్చినప్పుడు అది ఆమె కొడుకుది. చచ్చాక నాదైంది.

"కచరా డబ్బల పడెయ్ పో," అన్నాడు అతుల్ టీవీ ముందు నుంచి లేవకుండా.

పొద్దున డ్రమ్ములో పట్టిన నీళ్లు సగమే మిగిలాయి. బకెట్ ముంచాను కానీ డబ్బా ఎత్తడానికి చెయ్యి రాలేదు. ఇన్నాళ్లు సాకాను. ఏడుపొచ్చింది, పురుగు కోసమో నడుంనొప్పికో చెప్పలేను. దాదర్‌లో ఉండే మనాలి, నాకు ఆడపడుచు వరస, ఇలాంటివాటిని పెంచుతుంది. ఆడపిల్లను అడిగేదేంటని అతుల్ ఆమెకు ఎప్పుడూ ఫోన్ చెయ్యలేదు. నేను వీడియో కాల్ చేశాను.

"అరే, ముట్టుకోకు వదినా! సచ్చిపోలే. పాత తోలు ఇడుస్తుంది. అగో, కాలు కదుల్తుంది చూడు."

అతుల్ లేచొచ్చి ఫోన్ లాక్కున్నాడు. "ఏ జాతిదో చెప్పు."

"ఫొటో చూసి పక్కా చెప్పలేం అన్నా. భయపెడ్తే ముందుకాళ్లు లేపుతదా, ఎన్కకాళ్లతోని కడుపు మీది ఎంట్రుకలు దులుపుతదా?"

"కాళ్లు లేపుతది గావొచ్చు."

"దులుపుతది," అన్నాను నేను.

"వదినా, నీ చేతులు సూపియ్."

చూపించాను. మోచేతుల దాకా దద్దుర్లు. ఎన్ని రోజులుగా గోక్కుంటున్నానో. సబ్బు సరిగ్గా కడుక్కోనని అత్త అంది. గోకుడు ఆపు, నిద్ర పడ్తలేదని అతుల్ అన్నాడు. ఆ చెయ్యి పట్టుకుని చూసినవాళ్లు ఈ ఇంట్లో లేరు.

"గా ఎంట్రుకలే కుచ్చుకున్నయ్. మన దేశంల పుట్టిన జాతులు గట్ల దులపయ్, ఇది బయటిది. ఫోన్ జర దాని కాళ్ల దగ్గర పెట్టు." కాళ్ల మీద పొడుగాటి వెంట్రుకలు, కొసలన్నీ ఉంగరాలు తిరిగి ఉన్నాయి. మనాలి నవ్వింది. "కర్లీ హెయిర్! గదే దీని జాతి పేరు. మట్టి జర తడిగ ఉండాలె."

తడిగానే ఉంచుతున్నాను. పొడిగా ఉన్నప్పుడు అది నీళ్ల మూతను వదిలేది కాదు.

"ఇగ దాన్ని కదపకుండ్రి. లొల్లి జెయ్యకుండ్రి. దాని పని దాన్ని చేస్కోనియ్యుండ్రి," అని మనాలి ఫోన్ పెట్టేసింది.

అతుల్ టీవీ కట్టేశాడు. తలనొప్పితో నా కళ్లు తిరిగిన రోజున కూడా ఆగని టీవీ అది. అత్త గొంతు తగ్గించింది. అతుల్ గ్రూపులన్నింటిలో ఆ పేరు పెట్టి, ఫోన్ లోంచి తల ఎత్తకుండానే అన్నాడు, "పేరు దొర్కింది. ఇగ అన్నం వండు. సప్పుడు జెయ్యకు."

బకెట్‌లో నీళ్లు తిరిగి డ్రమ్ములో పోశాను. గూటి కింద చాప పరిచాను. దీపాలు పెట్టే వేళ ఆడది నడుం వాల్చకూడదని మా అత్త రోజూ చెప్పే మాట. కాళ్లు బారచాపి, వెల్లకిలా పడుకున్నాను.

అత్త నోరు తెరిచింది. అతుల్ వంగి నా భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. "ఏమైందే?"

"సచ్చిపోలే," అన్నాను. "ముట్టుకోకు."