ఆరో పేరు

"ఊదండి, ఊదండి, ఆపకండి, ఇంకా ఊదండి!" అని చాంద్ సుల్తానా అరుస్తుంటే, ఊపిరి కొలిచే గొట్టంలోకి ఊదుతున్న మనిషి మెడనరాలు ఉబ్బిపోయాయి. మెడికల్ కాలేజీ ఊపిరితిత్తుల విభాగంలో ఆ అరుపే ఆమె ఉద్యోగం. సాయంత్రానికి గొంతు బొంగురుపోతుంది.

ఆ రోజు పొద్దున డాక్టర్ ఉమామహేష్ స్వయంగా ఆమె గదికి వచ్చాడు, చేతిలో రెండు టీలతో. "కూర్చోండి చాంద్ గారూ" అన్నాడు. ఇన్నేళ్లూ "ఏమ్మా" అని పిలిచిన మనిషి. చాంద్‌కి అక్కడే అనుమానం తగిలింది.

"కొత్త ఇన్‌హేలర్ మీద మన పరిశోధన అచ్చవుతోంది. రచయితల్లో ఆరో పేరు మీది. పరీక్షలన్నీ మీరే చేశారుగా! ఆ మందు కంపెనీతో మనకెవరికీ ఏ లావాదేవీ లేదని ఇక్కడ సంతకం పెట్టండి, చాలు."

తన పేరు పెళ్లి శుభలేఖ మీద తప్ప ఎక్కడా అచ్చవలేదు. కూతురు ఉజ్మా చూస్తే ఎగిరి గంతేస్తుంది. ఆశపడింది, దాచుకోవడమెందుకు? అయినా పెన్ను ముందుకు కదల్లేదు.

"సార్, కంపెనీవోళ్లు మిమ్మల్ని గోవా తీసుకెళ్లారు కదా. అదిందులో రాసారా?"

"అది మీటింగమ్మా. దానికీ దీనికీ సంబంధమేంటి?"

'గారు' ఎగిరిపోయింది.

"మరి మన పరీక్షలకొచ్చిన కొండలరావు గారో? ఈ మందు పీల్సినాక ఆయాసం పెరిగిపోనాదన్నాడు కదా సార్."

"బీడీలు మానలేదు. అందుకే లెక్కలోంచి తీసేశాం. ఆ పరీక్ష చేసింది మీరే, గుర్తుందిగా?"

టీ చేదెక్కింది. రేపెవరైనా నిలదీస్తే తనని ముందుకు తోయడానికా ఈ ఆరో పేరు? "ఆలోచించుకుంటాను సార్" అంది.

మధ్యాహ్నం కూర్మన్నపాలెం నుంచి కొండలరావు భార్య పద్మావతి వచ్చింది. కొంగుముడి విప్పి ఇన్‌హేలర్ తీసి బల్ల మీద పెట్టింది.

"మీ మందు మీకిచ్చీసి ఎల్దామని వచ్చానమ్మా. ఆయన మంగళారం పోనాడు."

చాంద్ ఇన్‌హేలర్ చేతిలోకి తీసుకుంది. "బీడీలు మానలేదన్నారు..."

"బీడీలేటి? జన్మలో ముట్టలేదు. ఆయాసమొస్తే దీన్నే ఇంకో రెండు సార్లు పీల్సేవోడు, పెద్ద డాక్టరుగారి మందు కదాని. ఆపీమని ఎవులూ సెప్పనేదు."

పద్మావతిని బస్సెక్కించి వచ్చి, చాంద్ తిన్నగా ఉమామహేష్ గదిలోకి వెళ్లింది. సంతకం లేని కాగితం ఆయన ముందు పెట్టింది. దానిమీద ఇన్‌హేలర్ పెట్టింది.

"నా పేరు తీసీండి సార్. మంగళారం పోయిన కొండలరావు గారి పేరు లెక్కలో ఎక్కించండి."

జవాబు కోసం ఆగలేదు. సంచీ భుజాన వేసుకుని, గేటు దాటి వెళ్లిపోయింది.

ఆ ఇన్‌హేలర్ మూతి దగ్గర కొండలరావు పళ్లగాట్లు ఇంకా ఉన్నాయి.