పది లీటర్ల పెట్టె

మాఘం దాటిందంటే అద్దంకిలో గాలికి కూడా కారం అంటుతుంది. ఊరి చుట్టూ కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతుంటాయి. తలుపులు మూసుకున్నా, కిటికీలకు గుడ్డలు కట్టుకున్నా ఆ ఘాటు ఇంట్లోకి వచ్చి తీరుతుంది. అందుకే ఆ రెండు నెలలూ జానీబీ పొద్దున లేచి టీ కన్నా ముందు కంప్యూటరు మూత తీసి, పెయింటు బ్రష్షుతో ఫ్యాను రెక్కలు దులుపుతుంది. ఎర్రటి పొడి రాలుతుంది. రెండుసార్లు తుమ్ముతుంది. పని మొదలయ్యేది ఆ తర్వాతే.

ఆ ఆదివారం మాత్రం ఆమె పాత కంప్యూటరు జోలికి పోలేదు. గదిని రెండుసార్లు తడిగుడ్డతో తుడిచి, ఉతికిన తెల్ల దుప్పటి నేలమీద పరిచి, దాని అంచున కూర్చుని వీధి తలుపు వైపు చూస్తోంది. యాభై నిండిన మనిషి. బక్కపలచటి ఒళ్ళు, ముక్కుమీదికి జారే కళ్ళజోడు, ఎప్పుడూ కాస్త ముందుకు వంగి ఉండే మెడ. ఇరవై ఏళ్ళు స్క్రీను ముందు కూర్చున్న మెడ అది.

ఎనిమిదిన్నరకి ఆమె మొగుడు రహమాన్ బస్టాండు నుంచి అట్టపెట్టె భుజాన పెట్టుకుని వచ్చాడు.

"నిన్న సాయంత్రం రావాల్సిన పార్శిలు, ఇప్పుడు దించారే. అడిగితే బస్సు లేటంటాడు," అంటూ దించి, చెమట తుడుచుకున్నాడు.

జానీబీ అప్పటికే టేపు కోస్తోంది. లోపల చిన్నా పెద్దా డబ్బాలు. అన్నిటికన్నా అడుగున, థర్మోకోలు మధ్య, బూడిద రంగు ఇనప పెట్టె. దాన్ని రెండు చేతులతో పైకెత్తి, బారసాల నాడు బిడ్డను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేనా?" అన్నాడు రహమాన్. "ఇందులో ఏం పడతాయే?"

"అన్నీ పడతాయి. పది లీటర్లు."

"కంప్యూటర్ని లీటర్లలో కొలుస్తారా?"

"ఈ రకం పెట్టెల్ని అట్టాగే కొలుస్తారు."

రహమాన్ పెళ్ళిళ్ళ వంటవాడు. లీటరంటే ఆయనకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. గాల్లో చేతులతో గుండ్రంగా చూపించి, "పది లీటర్లంటే మన సాంబారు బకెట్టంత. అందులో నువ్వేం వండుతావో చూస్తా," అని నవ్వుతూ వంటింట్లోకి పోయాడు.

మధ్యాహ్నం రెండింటికి వ్యాను వస్తుంది. సాయంత్రం ఐదింటికి దర్శిలో ఓణీల ఫంక్షను. ఈలోపు ఈ డబ్బాలన్నీ ఒక్క కంప్యూటరు కావాలి.

జానీబీ చేసేది వీడియో మిక్సింగు. చుట్టుపక్కల ఊళ్ళ ఫోటోగ్రాఫర్లు పెళ్ళిళ్ళు తీసి మెమొరీ కార్డులు తెచ్చిస్తే, ఇంట్లో కూర్చుని వాటిని కోసి, అతికి, పాటలు వేసి ఇస్తుంది. ఏడెనిమిది వందల పెళ్ళిళ్ళు ఆమె చేతిమీదుగా పోయాయి. కూతురి పెళ్ళి తప్ప వాటిలో ఒక్కదానికీ ఆమె వెళ్ళలేదు. కూరగాయల కొట్టు దగ్గర ఎవరో అమ్మాయి ఎదురైతే, ఈ పిల్లకి అప్పగింతలప్పుడు వెక్కిళ్ళు వచ్చాయి కదా అని గుర్తొచ్చి నవ్వుతుంది. ఆ అమ్మాయి ఈమె ఎవరో తెలియక తలతిప్పుకుంటుంది. భోజనాల దగ్గర పెళ్ళికొడుకు మేనమామ వేసిన కేకలూ, తలంబ్రాల మధ్య ముసలామె జారిపోయిన పళ్ళసెట్టూ, ఇలాంటివన్నీ జానీబీ కత్తిరించేసింది. ఒకసారి ముండ్లమూరు నుంచి ఒక కుటుంబం వెతుక్కుంటూ వచ్చింది. మనవరాలి పెళ్ళయిన నెలకే ఆదెయ్య అనే పెద్దాయన పోయాడట, వీడియోలో ఎక్కడా లేడట. ఆమె తీసేసిన ముక్కలన్నీ వెతికి పదకొండు సెకన్లు పట్టుకుంది. ఆయన చెయ్యి కడుక్కుని పైపంచెతో తుడుచుకుంటూ ఆకాశంకేసి చూస్తున్నాడు, అంతే. వాళ్ళు అది పదిసార్లు వేయించుకుని చూశారు. ఆనాటి నుంచి జానీబీ ఏ ముక్కనూ పూర్తిగా చెరిపెయ్యలేదు.

తన కూతురు సమీరా పెళ్ళి వీడియో కూడా తనే చేసింది. మొత్తం రెండు గంటల నలభై నిమిషాలు. అందులో తను కనిపించింది నాలుగు సెకన్లు.

దుప్పటి మీద డబ్బాలన్నీ వరసగా పెట్టుకుంది. ముందు మదర్‌బోర్డు. చపాతీ అంత చదరం. దాని నడుమ బిస్కెట్టంత ప్రాసెసరు. మూలనున్న చుక్క చూసుకుని, ఊపిరి బిగబట్టి, వేళ్ళతో కాకుండా దాని బరువుతోనే అది కూర్చునేలా వదిలింది. కూర్చుంది. మీట దించింది. ఆ వేళ్ళు మొదటినుంచీ నేర్పుగలవే. నాన్న వీధి అరుగుల మీద దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఎనిమిదేళ్ళకే ఆమె పరుపు మూలలు గుండ్రంగా కుట్టేది. పద్నాలుగో ఏట నుంచి మిర్చి తొడిమలు తీసే పనికి పోయింది. పన్నెండేళ్ళు తీసింది. ఆ మంటకి రాత్రిళ్ళు చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. పెళ్ళయ్యాక ఎదురింటి స్టూడియోలో ఊడ్చే పనికి కుదిరి, ఊడుస్తూ ఊడుస్తూ స్క్రీనుకేసి చూసి, ఒకరోజు స్టూడియో ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు మౌసు పట్టుకుంది.

"టీ," అన్నాడు రహమాన్ స్టీలు గ్లాసు చాచి.

"దుప్పటి మీద పెట్టమాక. కిటికీలో పెట్టు."

మూడు వారాల కిందట స్టూడియో నాగేంద్రబాబు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "జానీబీ గారూ, ఇంటి దగ్గర మిక్సింగులు ఇక తగ్గిపోతయ్యండి. ఈ సీజనుకి మీకు ఎన్నిచ్చాను? పదకొండు. అందరూ ఫంక్షను జరుగుతుండగానే పెద్ద స్క్రీను మీద చూసుకోవాలంటున్నారు. మా లైవ్ మిక్సింగు కుర్రాడు విజయవాడ పోయాడు. మీరు రాగలరా?"

"వస్తాను," అంది జానీబీ. మొగుడిని అడగలేదు, రెండోసారి ఆలోచించలేదు.

నాగేంద్రబాబు గదిలోకి తొంగిచూసి, మోకాలెత్తున ఉన్న పాత కంప్యూటరును చూశాడు. "దీన్ని దర్శి రోడ్డు మీద తీసుకెళ్తే, చేరేలోపు పళ్ళూడిపోతయ్యండి."

"ఇది కాదు. ఒళ్ళో పెట్టుకునేది చేస్తాను."

ఆయన నమ్మలేదు. కానీ వేరే మనిషి లేడు.

ఆ రోజు నుంచి ఆమెకి నిద్ర సరిగా లేదు. ఫోనులో వీడియోలు చూసింది. కొలతలు రాసుకుంది. శుభలేఖల అట్టపెట్టె కోసి, బ్లేడుతో అదే కొలతకి ఒక ఉత్తుత్తి పెట్టె చేసింది. అట్టతోనే బోర్డూ, అట్టతోనే బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డూ చేసి అందులో పెట్టి చూసింది. కార్డు పట్టాక నాలుగు మిల్లీమీటర్లు మిగిలాయి. ఆ నాలుగు మిల్లీమీటర్లని నమ్ముకుని, రెండేళ్ళుగా దాచుకున్నదంతా తీసి ఆర్డరు పెట్టింది.

ఇప్పుడు అట్ట కాదు, అసలు కార్డు చేతిలో ఉంది. రెండు ఫ్యాన్లు, ఇటుకంత బరువు. పెట్టెలో బోర్డుకి వీపు ఆనించి నిలబెట్టాలి. ఈ రెండింటినీ కలిపేది ఒక వెడల్పాటి రిబ్బను తీగ. కార్డును కాస్త వాల్చి లోపలికి దించింది. ఇనుము మీద ఇనుము గీసుకున్న చప్పుడు. ఆగింది. వెనక్కి తీసి, ఈసారి తోకవైపు ముందు దించింది. దిగింది. చివరన చిటికెనవేలు కూడా దూరని సందు.

"పట్టింది! ఏమయ్యా, పట్టింది!"

రహమాన్ ఉల్లిపాయలు కోసే కత్తితోనే పరుగెత్తుకొచ్చాడు. వంగి చూసి, "సూది దూరదే," అన్నాడు గౌరవంగా.

తీగలు మడతపెట్టడానికి గంట పట్టింది. ఆ ఇరుకులో ఒక్కో తీగనీ కార్డు కిందుగా తిప్పి, జడ అల్లినట్టు అల్లి, ఫ్యానుకి తగలకుండా కట్టింది. రిబ్బను రెండో కొస గుచ్చి, వేలితో నొక్కింది. టక్‌మంది. స్క్రీను తగిలించి, బటను మీద వేలు పెట్టి, బిస్మిల్లా అనుకుని నొక్కింది.

ఫ్యాన్లు తిరిగాయి. చిన్న ఎర్రదీపం వెలిగింది. స్క్రీను నల్లగా ఉంది.

నిమిషం చూసింది. ఆపి మళ్ళీ నొక్కింది. నలుపే. గోడ గడియారంలో పన్నెండుంబావు. రెండు మెమొరీ పలకలూ తీసి పెట్టింది. నలుపే. అరచేతులు చీర కొంగుకి తుడుచుకుంది. ఏ ముక్కకైనా దెబ్బ తగిలి ఉంటే ఈ రోజుకి చేసేదేం లేదు. వ్యాను ఆమెని ఎక్కించుకోకుండా పోతుంది, రేపు ఇంకొకడు దొరుకుతాడు. పాత కంప్యూటరులో ఏడాదికి పదకొండు పెళ్ళిళ్ళు, వచ్చే ఏడాది ఆరు, ఆపైన ఏమీ ఉండవు.

కళ్ళు మూసుకుంది. పొద్దున్నుంచి చేసినవన్నీ వీడియో వెనక్కి తిప్పినట్టు ఒక్కొక్కటే తలుచుకుంది. స్క్రూలు, తీగలు, రిబ్బను, ఆ టక్. వంటింట్లోంచి చప్పుడు వస్తోంది. టక్, టక్, టక్.

"కత్తి ఆపవయ్యా!" అని అరిచింది.

ఇల్లంతా నిశ్శబ్దమైంది. రిబ్బను కొస మీద వేలుపెట్టి మళ్ళీ నొక్కింది. ఈసారి వేలికింద ఏదో దిగింది. మెత్తగా, చాలా చిన్నగా, టక్.

ఇందాక తను విన్నది ఉల్లిపాయల చప్పుడు!

బటను నొక్కింది. స్క్రీను మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి.

జానీబీ అరవలేదు, లేవలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. గుమ్మంలో రహమాన్ కత్తిని గాల్లోనే పట్టుకుని నిలబడి ఉన్నాడు. "కోసుకోవచ్చా ఇక?" అన్నాడు.

విండోసూ, మిక్సింగు సాఫ్ట్‌వేరూ ఎక్కేసరికి ఒంటిగంటన్నర. పరీక్షకని మూడు కెమెరాల పెళ్ళి ఒకటి వేసింది. పాత కంప్యూటరు ఒక పాట ముక్క తయారు చెయ్యడానికి ఆమె అన్నం వండి, తిని, గిన్నెలు తోముకునేంత సేపు తీసుకునేది. ఇది ఆమె కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకునేలోపే ముగించింది. నమ్మక మళ్ళీ వేసింది. మళ్ళీ ముగించింది. బొమ్మ ఎక్కడా తడబడలేదు. మూడు కెమెరాలూ ఒక్కసారిగా కదులుతున్నాయి. ఆమె వేలు ఎక్కడ పడితే పెళ్ళి అక్కడికి దూకుతోంది. పెట్టె మీద చెయ్యి వేసి చూసింది. అప్పుడే దించిన అన్నంగిన్నె మూతంత వేడి. "పరవాలేదు, ఓర్చుకుంటుంది," అంది.

వ్యాను హారను కొట్టింది. మూత బిగించి, పెట్టెని పాత దుప్పటిలో చుట్టుకుని లేచింది.

"అన్నం?" అన్నాడు రహమాన్.

"అక్కడ పెడతారు కదా. ఇన్నేళ్ళుగా అందరూ తింటుంటే చూశాను. ఇవాళ నేనూ తింటా."

వ్యానులో నాగేంద్రబాబు ముందు సీటు నుంచి వెనక్కి తిరిగి చూశాడు. "కంప్యూటరు ఏదండీ?"

జానీబీ ఒళ్ళోని మూటను తట్టింది. ఆయన ముందుకు తిరిగి, డ్రైవరుతో "పోనీ రా, నెమ్మదిగా పోనీ," అన్నాడు. వ్యాను మలుపు తిరిగేదాకా ఆమె ఒక చేత్తో మూటని పట్టుకుని, ఇంకో చెయ్యి కిటికీలోంచి ఊపుతూనే ఉంది.

రహమాన్ ఒక్కడే అన్నం తిని, కాసేపు పడుకుని, సాయంత్రం లేచాడు. గది నిండా ఖాళీ డబ్బాలు. వాటిని గోడవారకి చేర్చి, తెల్ల దుప్పటి దులుపుదామని ఎత్తబోతే ఏదో తళుక్కుమంది. నల్లగా, కందిగింజంత స్క్రూ. వెంటనే ఫోను చేశాడు.

ఏడోసారి మోగాక ఎత్తింది. అవతల పాటలు, మైకు, జనం గోల. "ఏందయ్యా?" అని అరిచింది.

"పడిందా?"

"ఏంటి?"

"స్క్రీను మీద బొమ్మ పడిందా అంటున్నా!"

"పడిందయ్యా! గోడంత పడింది! పిల్ల పల్లకీలో వస్తుంటే మూడు వైపుల నుంచి వేశాను. వాళ్ళ నాయనమ్మ తనను తాను చూసుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేను చూస్తుండగానే కొట్టింది!" ఆమె గొంతు పదిహేనేళ్ళ పిల్ల గొంతులా ఉంది. "విను, రేపు రాను. ఎల్లుండి కూడా రాను. ఇక్కణ్ణించి ఇటే ఒంగోలు పోతున్నాం. రెండు పెళ్ళిళ్ళు ఉన్నాయంట. బట్టలు అక్కడ కొనుక్కుంటా."

"సరే గానీ జానీ, ఒక స్క్రూ మిగిలిందే. దుప్పటి మీద ఉంది. నల్లది."

అవతల నవ్వు. "మూతది అయ్యుంటుంది. మిగతా మూడూ పట్టుకునే ఉన్నాయిలే. పారెయ్యమాక. ఉంటాను, కేకు కోస్తున్నారు." ఫోను పెట్టేసింది.

రహమాన్ దాన్ని అరచేతిలో వేసుకుని గదంతా చూశాడు. ఎక్కడ పెట్టినా పోయేంత చిన్నది. చివరికి ఆమె తాగి వదిలేసిన టీ గ్లాసు కడిగి, తుడిచి, అందులో వేశాడు. టింగ్‌మని ఒకసారి తిరిగి, అది స్టీలు గ్లాసు అడుగున ఒక పక్కకి ఒరిగి ఆగింది.